ఎంత చండాలం!

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పటి సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నాం. లోపల టీవీలో వార్తలు నడుస్తున్నాయి. ఎక్కడో ఒక ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఇంకా రెండు గ్లాసుల పద్ధతి ఉందని, దళితులకు వేరే గ్లాసులో టీ పోస్తున్నారని ఒకమ్మాయి మైకు పట్టుకుని చెబుతోంది. పెద్దమ్మ తమలపాకు ఈనె తీస్తూ, “ఎంత చండాలంరా! ఈ రోజుల్లో కూడానా” అంది. నేనూ “అవును పెద్దమ్మా, చండాలం” అన్నాను. ఆ మాటకు ఆవిడ ముఖంలో నిజంగానే అసహ్యం కనిపించింది. నటన కాదు. మా పెద్దమ్మకు నటించడం రాదు.

ఇంకో అరగంటకు మా మినుము చేలో పనిచేసే ఆయన వచ్చాడు. లెక్క చూసుకుని డబ్బులు తీసుకున్నాక మంచినీళ్ళు అడిగాడు. పెద్దమ్మ లేచి, పిట్టగోడ మీద బోర్లించి ఉన్న స్టీలు గ్లాసు తీసి, బిందెలోంచి నీళ్ళు ముంచి పోసింది. ఆయన తాగి, కుళాయి దగ్గర గ్లాసు కడిగి, మళ్ళీ పిట్టగోడ మీదే బోర్లించి వెళ్ళిపోయాడు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. ఆ గ్లాసు అక్కడ నా చిన్నప్పటినుంచీ ఉంది, లేదా అలాంటిదే ఇంకొకటి ఉంది. హైదరాబాద్ బస్సులో సగం దూరం వచ్చాక, నిద్ర పట్టక అటూ ఇటూ మసలుతుంటే అప్పుడు తట్టింది.

నిజానికి ఈ పోస్టు ఆ గ్లాసు గురించి రాయాలి. కానీ ఆ రాత్రి నన్ను పట్టుకుంది గ్లాసు కంటే ఎక్కువగా ఆ మాట. అంటరానితనాన్ని అసహ్యించుకోవడానికి మా ఇద్దరికీ దొరికిన మాట చండాలం. చండాలురు అంటే ఎవరో మనందరికీ తెలుసు. ఒక మనిషిని ఊరికి దూరంగా ఉంచినందుకు కోపం వచ్చి, ఆ కోపాన్ని చెప్పడానికి ఊరికి దూరంగా ఉంచిన ఆ మనిషి పేరునే తిట్టుగా వాడాం. అదీ ప్రేమతోనే.

రోజుకు ఎన్నిసార్లు

అప్పటినుంచి చెవి అటే పోతోంది. ఆఫీసు క్యాంటీన్లో సాంబారు చండాలంగా ఉంది. కొత్త సినిమా సెకండాఫ్ చండాలం. బస్టాండులో బాత్రూములు పరమ చండాలం. ఫలానా నాయకుడు అసెంబ్లీలో మాట్లాడిన తీరు చండాలం. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పాన్ ఉమ్మి చండాలం చేశారు. వినగా వినగా ఒకటి గమనించాను. సాంబారు విషయంలో ఈ మాటకు బదులు ఇంకేదైనా చెప్పవచ్చు. నీళ్ళలా ఉంది, ఉప్పు లేదు, అడుగంటింది అని. కానీ నాయకుడి విషయంలో, పసిపిల్లల మీద అఘాయిత్యం లాంటి వార్తల విషయంలో, జనం ఇంకో మాట కోసం వెతకరు. తప్పు, అన్యాయం, మోసం అన్నీ చిన్నవైపోతాయి. మనసు వికారపడిందని చెప్పాలంటే మనకున్న పెద్ద మాట ఇదే.

దాన్ని రాయడంలో కూడా ఒక వింత ఉంది. సంస్కృతం నుంచి వచ్చింది ఒత్తు లేని ‘చ’తో. మనం చాలామందిమి ఛండాలం అని ఒత్తి పలుకుతాం. ఫేస్‌బుక్ కామెంట్లలో అయితే దాదాపు అంతా ‘ఛ’తోనే. మా అమ్మ తరం నోట చెండాలం అని వస్తుంది. ఆ ఒత్తు ఎక్కడినుంచి వచ్చిందో నేను రుజువు చేయలేను గానీ, నా అనుమానం, పక్కనే ఉన్న ‘ఛీ’ ‘ఛ’ల నుంచి అంటుకుని ఉంటుంది. ఛీ అనేటప్పుడు నోట్లోంచి గాలి ఎలా బయటికి తోస్తామో, ఈ మాటతోనూ అలాగే తోస్తాం. ఉమ్మడానికి ఒక మెట్టు ముందు.

టీవీ జ్యోతిష్కులు గురువు, రాహువు ఒకే ఇంట్లో ఉంటే గురు చండాల యోగం అంటారు. పవిత్రమైన గ్రహం పక్కన మలినమైనది చేరిందని దాని భావం. పొద్దున్నే కాఫీ తాగుతూ వింటాం. అందులో ఒక కులం పేరుందని మనకు తట్టదు.

ఎప్పుడు తిట్టయింది?

నేను సంస్కృత పండితుణ్ణి కాను. తెలిసినవాళ్ళను అడిగి, అనువాదాలు ముందేసుకుని చదివాను. నాకు అర్థమైనంతలో చెబుతాను.

మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడు ఎవరో, ఎలా బతకాలో ఉంది. శూద్ర పురుషుడికి, బ్రాహ్మణ స్త్రీకి పుట్టినవాడు. ఊరి బయట ఉండాలి. కుక్కలు, గాడిదలే ఆస్తి. శవాల మీది బట్టలు కట్టుకోవాలి. పగిలిన పాత్రలో తినాలి. రాత్రి పూట ఊళ్ళో తిరగకూడదు. పగిలిన పాత్ర దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మన స్టీలు గ్లాసు పగలదు, అంతే తేడా. అయిదో శతాబ్దం మొదట్లో మన దేశం వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ కూడా చండాలుర గురించి రాశాడు. వాళ్ళు ఊరికి వేరుగా ఉంటారని, బజారులోకి వచ్చేటప్పుడు కర్రముక్క కొట్టి చప్పుడు చేస్తారని, జనం ఆ చప్పుడు విని తగలకుండా తప్పుకుంటారని.

ఇది దూరం పెట్టడం. నైతిక అసహ్యం వేరు. ఆ ముడి పడింది ఇంకొక చోట. ఛాందోగ్య ఉపనిషత్తు అయిదో అధ్యాయంలో ఒక మాట ఉంది. మంచి నడవడి ఉన్నవాళ్ళు మంచి జన్మ ఎత్తుతారు, చెడు నడవడి ఉన్నవాళ్ళు కుక్కగానో, పందిగానో, చండాలుడిగానో పుడతారు అని. కుక్క, పంది, చండాలుడు, ఈ వరసలో. ఇక్కడినుంచి చండాలుడు అంటే ఊరి బయట ఉండేవాడు మాత్రమే కాదు, తప్పు చేసినవాడు కూడా. ఎప్పుడు చేశాడు? పోయిన జన్మలో. రుజువేమిటి? ఇప్పుడిలా పుట్టడమే. వాదించడానికి వీల్లేని కేసు ఇది.

దీని తర్వాత చదివింది నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. ఈ మాటను తిట్టుగా స్థిరపరిచింది కులాన్ని సమర్థించినవాళ్ళే అనుకున్నాను మొదట. కాదు. కులాన్ని కాదన్నవాళ్ళు కూడా అందులో ఒక చెయ్యి వేశారు. బుద్ధుడి సంభాషణల్లో వసల సుత్తం అని ఒకటి ఉంది. పుట్టుక వల్ల ఎవడూ నీచుడు కాడు, చేసే పనుల వల్లే అవుతాడు అని బుద్ధుడు అందులో చెబుతాడు. చండాల కుటుంబంలో పుట్టిన మాతంగుడు గొప్ప గౌరవం పొందిన కథ ఉదాహరణగా ఇస్తాడు. ఎంత పెద్ద మాట అది, ఆ రోజుల్లో! కానీ జాగ్రత్తగా చూస్తే ఆ వాదనలో మనిషి బయటపడ్డాడు గానీ తిట్టు మిగిలిపోయింది. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ అనే ‘జన్మ చండాలుడు కాదు, కర్మ చండాలుడు’ అన్న మాట అచ్చం ఇదే. పుట్టుకతో ఎవరూ చండాలురు కారు అని ఉదారంగా ఒప్పుకుంటాం. ఆ వెంటనే, చెడ్డపని చేసినవాడే అసలైన చండాలుడు అంటాం. అంటే చెడ్డతనానికి కొలతబద్దగా ఆ పేరును అక్కడే ఉంచాం.

అన్నమయ్య పదంలోనూ బ్రాహ్మణుడు, చండాలుడు నడిచే నేల ఒకటే. ఆ పదం ఎక్కడ విన్నా ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది, అది వేరే సంగతి. గీత అయిదో అధ్యాయంలో పండితుడు బ్రాహ్మణుణ్ణి, ఆవును, ఏనుగును, కుక్కను, శ్వపాకుణ్ణి సమంగా చూస్తాడు. శ్వపాకుడంటే కుక్క మాంసం వండుకునేవాడు. సమానత్వం చెప్పడానికి ఒక పై మెట్టు, ఒక కింది మెట్టు కావాలి. కింది మెట్టు మీద ఎవరిని నిలబెట్టాలో అందరికీ ముందే తెలుసు. ఈ మంచివాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్ళు అన్నది ఇంకా చాలామంది అనలేకపోయిన కాలం అది. నేను చెప్పేది, ‘మేం కులాన్ని ఉద్దేశించి అనడం లేదు, చెడ్డపనిని ఉద్దేశించి అంటున్నాం’ అనే సమర్థన కొత్తది కాదని. రెండువేల ఏళ్ళకు పైగా ఉంది. ఆ సమర్థనే ఈ మాటను ఇంత పదునుగా ఉంచింది.

‘ఇప్పుడు ఆ కులమే లేదు కదా’

బస్సులో వచ్చిన ఈ ఆలోచనను మా కజిన్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తప్పు చేశాను. రెండు రోజులు అదే గోల. అందులో ఒక వాదన మాత్రం నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. బావ ఒకాయన అన్నాడు: “మన తెలుగు ఊళ్ళలో చండాలురు అనే కులం ఎక్కడుందోయ్? పుస్తకాల్లో ఉంది. లేని మనిషిని ఎలా అవమానిస్తాం? ఇంగ్లీషువాడు పరయా అనే మాటను హాయిగా వాడుకోవట్లా?”

ఇంగ్లీషువాడి సంగతి ముందు చెప్పాలి. ఆ మాట తమిళనాడు పరైయర్ల పేరు నుంచే వెళ్ళింది. పఱై అంటే డప్పు. డప్పు కొట్టే మనుషుల పేరు సముద్రం దాటి, అందరూ వెలేసిన దేశాలను తిట్టడానికి పనికొచ్చింది. వాడు హాయిగా వాడుకుంటున్నాడంటే వాడికి ఆ డప్పు వినపడదు కాబట్టి. మనకు వినపడుతుంది.

ఇక ఆ కులం లేదన్న మాట. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత ఊరికే మన ఎస్సీ కులాల జాబితా తీసి చూశాను. 59 పేర్లున్న జాబితా అది. మాల, మాదిగ, రెల్లి, బైండ్ల, డక్కలి, ఇలా మనకు తెలిసినవీ తెలియనివీ. వాటి మధ్యలో, అక్షర క్రమంలో, చండాల అని ఉంది. ఆంధ్రలోనూ ఉంది, తెలంగాణలోనూ ఉంది. తమిళనాడు జాబితాలోనూ ఉంది. ఆ పేరుతో సర్టిఫికెట్ తీసుకునేవాళ్ళు కొద్దిమందే కావచ్చు. ఒక్క పిల్ల అనుకోండి. ఎమ్మార్వో ఆఫీసులో క్యూలో నిలబడి, కిటికీ అవతలివాడు ‘కులం?’ అని అడిగితే ఆ పిల్ల ఏమని చెప్పాలి? వెనకాల నిలబడినవాళ్ళు ఏమనుకుంటారు, నవ్వరా?

పేరు మోసేవాళ్ళు దాన్ని తేలిగ్గా తీసుకోలేదనడానికి బెంగాల్ సాక్ష్యం. తూర్పు బెంగాల్లో లక్షలమంది రైతులను ప్రభుత్వ లెక్కల్లో చండాలురు అని రాసేవారు. వాళ్ళు ఆ పేరు మాకొద్దని దశాబ్దాల తరబడి అర్జీలు పెట్టారు. తమను నమశూద్రులు అని పిలవాలన్నారు. 1911 జనాభా లెక్కల్లో పాత పేరు పోయింది. మన దగ్గర 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ అని పిలిచిన సభకు హైదరాబాద్ దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. పంచములు అనే పేరును మేం ఒప్పుకోం అని, ఈ నేల మొదటి మనుషులం మేమేనని, దాన్ని ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చుకున్నారు. పిచ్చిగుంట్లవాళ్ళకు ప్రభుత్వ జాబితాలో ఇప్పుడు వంశరాజ్ అనే పేరు కనిపిస్తుంది. ఇలా పేరు పేరుకూ వెనక ఒక అర్జీ, ఒక సభ, కాళ్ళరిగేలా తిరిగిన కొందరు మనుషులు ఉంటారు. మాటలో ఏముంది అని తేలిగ్గా అనగలిగేది ఆ మాట తమ మీద పడనివాళ్ళే. నాలాగా, బావలాగా.

బావకు ఇదంతా రాయలేదు. ‘జాబితా చూడండి బావగారూ’ అని మాత్రం పెట్టాను. బొటనవేలు ఎమోజీ వచ్చింది.

నా మిత్రుడు ఏమన్నాడంటే

అందరికంటే గట్టి ఎదురుదెబ్బ వాట్సాప్ గ్రూపులోంచి రాలేదు. ఇంజనీరింగ్ నుంచి నాకు స్నేహితుడైన ఒకతను ఉన్నాడు. మాల కుటుంబం, ప్రకాశం జిల్లా వైపు. అతనితో టీ తాగుతూ ఈ గొడవంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, “ఈ టీ చండాలంగా ఉందిరా” అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత అతను నవ్వకుండా అన్నది ఇది: “నువ్వు ఆ మాట మానేస్తే మంచిదే. కానీ మొన్న నిజాంపేటలో ఇల్లు చూడ్డానికి వెళ్తే ఓనరు మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ‘మీరేమిటోళ్ళండీ’ అని అడిగాడు. చెప్పాక, ‘మా అబ్బాయిని ఒకమాట అడిగి చెప్తా’ అన్నాడు. ఆయన నోట ఒక్క చెడ్డ మాట రాలేదు తెలుసా. నీ లెక్క ప్రకారం ఆయన భాష బంగారం.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మాటలు శుభ్రం చేసుకుని మనసులు అలాగే ఉంచుకున్నవాళ్ళను నేనూ చూశాను. పైగా ఈ శుభ్రం చేయడం అనేది కూడా ఒక రకం మడి. ఫలానా మాట ముట్టుకోను అని పక్కకు జరగడంలో కాస్త గొప్ప ఉంటుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఆ గొప్ప కొంచెం తగులుతోంది, అబద్ధం ఎందుకు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చండాలం మానేస్తే దరిద్రం మాటేమిటి? ‘దరిద్రంగా ఉంది’ అని రోజుకు పదిసార్లు అంటాను. పేదరికాన్ని తిట్టుగా వాడటమే కదా అది. నీచం అంటే కింద ఉన్నది. మొరటు, అనాగరికం, పల్లెటూరి వేషాలు, దొమ్మరి మొహం, లేకి బుద్ధి. తెలుగులో తిట్ల సంచి బోర్లిస్తే సగం మనుషులే రాలిపడతారు. వాళ్ళంతా కిందివాళ్ళు, బయటివాళ్ళు, లేనివాళ్ళు. ఒక్కటి ఏరితే అన్నీ ఏరాలి. అన్నీ ఏరితే నోరు మూసుకు కూర్చోవాలి. దరిద్రం మాత్రం నేను ఇంకా మానలేదు. మానగలనని కూడా అనుకోవడం లేదు. ఒక తేడా చెప్పుకుని సర్దుకుంటున్నాను. దరిద్రం ఒక స్థితి, రావచ్చు పోవచ్చు, ఎవరికీ కులంగా రాసి ఇవ్వలేదు. అది ఎంతవరకు నిలబడే తేడానో మీరే చెప్పండి.

అసహ్యం, కోపం ఒకటి కావు

మిత్రుడి మాట విన్నాక కూడా నేను ఈ మాటను వదిలిపెట్టాలనే వైపే ఎందుకు ఉన్నానో చెప్పాలి. మర్యాద కోసం కాదు. ఈ మాట మన ఆలోచనకు చేసే ఒక పని ఉంది, అది నాకు నచ్చలేదు.

నాట్యశాస్త్రం చదివినవాళ్ళకు తెలుసు. భరతుడి లెక్కలో జుగుప్స నుంచి పుట్టేది బీభత్సం, క్రోధం నుంచి పుట్టేది రౌద్రం. రెండూ వేరు. బీభత్సం చూస్తే ముక్కు మూసుకుంటాం, మొహం తిప్పుకుంటాం, రెండడుగులు వెనక్కి వేస్తాం. రౌద్రంలో ముందుకు వెళ్తాం. చెడ్డపనిని చండాలం అనగానే మనం మొదటి వరసలో చేరిపోతాం. ఎవడు చేశాడు, ఎవరికి జరిగింది, ఎందుకు జరిగింది అని అడగడం ఉండదు. ‘ఛీ, చండాలం, ఆ ఛానెల్ మార్చు’ అంటాం. నాకు తెలిసి ఆ మాట తర్వాత ఎక్కువసార్లు వచ్చేది ఈ ‘మార్చు’ అన్న మాటే.

నేను స్కూల్లో ఉండగా కారంచేడు జరిగింది. 1985 జూలై 17. మా ఊరికి అది మరీ దూరమేం కాదు. పెద్దవాళ్ళు అరుగుల మీద గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. ‘చండాలప్పని చేశారు’ అని ఒకరిద్దరు పెద్దమనుషులు అనడం నాకు గుర్తుంది. చంపినవాళ్ళు తమ బంధువర్గమే అయినా అన్నారు, అందుకు అప్పుడు నాకు వాళ్ళమీద గౌరవం కలిగింది. ఆ గొడవ దేని దగ్గర మొదలైందో చాలా ఏళ్ళ తర్వాత గానీ నేను సరిగ్గా తెలుసుకోలేదు. నీళ్ళ దగ్గర. మాదిగవాళ్ళు తాగే చెరువు దగ్గర పైకులంవాళ్ళు గేదెలకు కుడితి పెట్టిన బకెట్ కడిగి మురికి చేస్తుంటే, మేం తాగే నీళ్ళు ఇవి అని మాదిగవాళ్ళు అడ్డు చెప్పారు. తర్వాత ఆరుగురు దళితులను చంపారు. మళ్ళీ ఆరేళ్ళకు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిదిమందిని.

నీళ్ళు మురికి చేసింది ఒకళ్ళు. శుభ్రమైన నీళ్ళు అడిగింది ఇంకొకళ్ళు. అడిగినందుకు చచ్చిపోయిందీ వాళ్ళే. ఆ మొత్తాన్ని చూసి, అయ్యో అని నిజంగా బాధపడిన మా ఊరి పెద్దమనిషి నోట ఏ పేరు వచ్చింది? చంపినవాళ్ళ పేరు రాలేదు. చండాలం అని ఊరి బయటివాళ్ళ పేరే వచ్చింది. తెలుగులో పైకులాల పేర్లలో ఒక్కటి కూడా అసహ్యాన్ని చెప్పే మాటగా మారలేదు, ఎన్ని పనులు చేసినా. ఎవరైనా ఘోరం చేస్తే ఫలానా దొరతనంలా ఉంది అని రోత పుట్టినట్టు అనం. దొరలా ఉన్నాడంటే మెచ్చుకోవడం.

దీనికి ఒక పక్కమాట. మా ఊళ్ళో ఉత్సవాలకు హరిశ్చంద్ర నాటకం ఆడించేవారు. రాజు పతనానికి ఆఖరి మెట్టు చండాలుడికి అమ్ముడుపోవడం. వీరబాహుడి దగ్గర కాటికాపరి అవుతాడు. జనం ఏడ్చేది రాజు కోసమే, వీరబాహుడు పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నాడని ఎవరికీ పట్టదు. కానీ ఆ కాటిసీనులో జనం వన్స్‌మోర్ అని అరిచి మళ్ళీ మళ్ళీ పాడించుకునే శ్మశాన పద్యాలున్నాయి చూశారూ, అవి జాషువావి. వినుకొండలో పుట్టి, అంటరానివాడని అడుగడుగునా అవమానపడిన కవివి. మా పెద్దనాన్నకు ఆ పద్యాలన్నీ నోటికి వచ్చు. తెల్లవారుజామున చేలో నీళ్ళు పెడుతూ రాగం తీసేవాడు. ఎవరు రాశారో ఆయనకు తెలుసు. తెలిసీ పాడేవాడు, తెలిసీ ఆ గ్లాసు పిట్టగోడ మీద ఉంచేవాడు. మనుషులు అలా ఉంటారు, ఏం చేద్దాం.

మానేసి చూస్తే

మూడు నెలలుగా ఆ మాట లేకుండా ఉండే ప్రయత్నంలో ఉన్నాను. మొదట్లో నాలుక తడబడింది. తిండి విషయంలో పెద్ద కష్టం లేదు. అసలు ఏం బాగాలేదో చెప్పాల్సి వస్తుంది, అది మంచిదే. మురికి విషయంలో కంపు, రోత, గలీజు ఉన్నాయి. గలీజు హైదరాబాద్ నాకు ఇచ్చిన మాట, ఉర్దూ నుంచి వచ్చింది, ఎవరి కులమూ కాదు. రోత మాత్రం నాకు కొత్తగా ప్రేమ కలిగించిన మాట. ‘రోత పుట్టింది’ అంటే అసహ్యం నాలో పుట్టిందని, నా కడుపులో ఏదో తిరిగిందని ఒప్పుకోవడం. ఏవగింపు, వెగటు కూడా అలాంటివే. అవి నా గురించి చెబుతాయి, ఇంకొకరి పుట్టుక గురించి కాదు.

కష్టమంతా ఆ పెద్ద చోట వచ్చింది. కొన్ని వార్తలు చదివితే రోత సరిపోదు. అప్పుడు ఏమనాలో తెలియక కాసేపు ఆగాల్సి వస్తోంది. ఆ ఆగినప్పుడు నోటికి వచ్చేవి చాలా మామూలు మాటలు. చంపారు. మోసం చేశారు. వేరే గ్లాసు పెట్టారు. క్రియాపదాలన్నమాట. క్రియాపదం వచ్చాక కర్త రాక తప్పదు. చిన్నప్పుడు వ్యాకరణం క్లాసులో ఇంత ఉపయోగం ఉందనుకోలేదు.

ఉగాదికి మళ్ళీ ఊరెళ్ళాను. వాట్సాప్ సంగతి బావ ద్వారా పెద్దమ్మ దాకా చేరింది. పచ్చడికి వేపపువ్వు దులుపుతూ అడిగింది, “ఆ మాట అనకూడదన్నావంట? మా అమ్మ అనేది, మా అత్త అనేది, ఇన్నేళ్ళూ అంటూనే ఉన్నాంగా. మరి ఏమనాలో నువ్వే చెప్పరా” అని. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. నేను చండాలురంటే ఎవరో, ఆ పేరు ఎలా తిట్టయిందో, నాకు చేతనైనట్టు చెప్పాను. ఛాందోగ్యం జోలికి పోలేదు. శ్రద్ధగా వింది. “అయ్యో, అంత ఉందా దాన్లో. పాపం. ఇక అననులే” అంది. ఆ తర్వాత రెండు రోజుల్లో ఒకసారి నోరు జారి, నా వైపు చూసి నాలుక కరుచుకుంది కూడా.

గ్లాసు పిట్టగోడ మీదే ఉంది. రెండోరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ దాని పక్కనే నిలబడ్డాను. తీసి లోపల వంటింటి గూట్లో మిగతావాటితో కలిపి పెట్టేయడానికి అరనిమిషం పట్టదు. పెద్దమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. నేను నోరు పుక్కిలించి, మొహం కడుక్కుని లోపలికి వచ్చేశాను.